బటన్ నొక్కినా వెలగని పెట్టె.. లోపల ఓ సినిమా!

ఫిల్మ్‌నగర్ గల్లీల్లో నడుస్తుంటే బయటికి కనిపించని గదులు చాలా ఉంటాయి. కింద టిఫిన్ సెంటర్, పైన టులెట్ బోర్డు, మధ్య అంతస్తులో మందపాటి కర్టెన్లు వేసుకున్న చల్లటి రూమ్. లోపల రెండు పెద్ద మానిటర్లు, ఓ సోఫా, కప్పుల కొద్దీ టీ. మనం థియేటర్లో ఈలలు వేసే సీన్లు చాలావరకు ఇలాంటి గదుల్లోనే అతుక్కుంటాయి.

ఆ గదిలో టేబుల్ కింద ఓ నల్ల పెట్టె ఉంటుంది. సన్నగా గుయ్యిమంటూ రాత్రీ పగలూ నడుస్తూనే ఉంటుంది. దాన్నెవరూ పట్టించుకోరు. కానీ ఆ రూమ్‌లో అన్నిటికంటే ఖరీదైనది అదే. ఎందుకంటే సినిమా ఉండేది అందులోనే.

దాని పేరు నెట్‌వర్క్ అటాచ్డ్ స్టోరేజ్. అందరూ ముద్దుగా 'నాస్' అంటారు. సింపుల్‌గా చెప్పాలంటే నాలుగైదు హార్డ్ డిస్కులు పెట్టుకున్న చిన్న కంప్యూటర్. ఎడిటర్, అసిస్టెంట్, సౌండ్ వాళ్లు, గ్రాఫిక్స్ వాళ్లు.. అందరూ తమ సిస్టమ్స్ నుంచి అదే పెట్టెలోని ఫైళ్లను తెరుచుకుంటారు. రీలు డబ్బాలు మోసే రోజులు పోయాయి. ఇప్పుడు డబ్బా అంటే ఇదే.

ఎంత డేటా ఉంటుందో తెలుసా? ఎడిటింగ్‌లో ఎక్కువగా వాడే ప్రోరెస్ 422 హెచ్‌క్యూ ఫార్మాట్‌లో ఫుల్ హెచ్‌డీ వీడియో గంటకు దాదాపు 80 జీబీ తింటుంది. ఫైనల్ సినిమాను 4కేలో ఒక్కో ఫ్రేమూ ఒక్కో బొమ్మగా దాచే పద్ధతిలో అయితే ఫ్రేముకు 35 ఎంబీ, సెకనుకు 24 ఫ్రేములు. గంట సినిమాకే 3 టీబీ! మీ ఫోన్లో ఇలాంటి సినిమా పూర్తిగా పట్టదు.

అలాంటి పెట్టె ఓ రోజు పొద్దున బటన్ నొక్కితే లేవకపోతే?

గాలివాన తర్వాత వచ్చిన ఫోన్

నేను పనిచేసేది హైటెక్ సిటీలో, స్టోరేజ్ సాఫ్ట్‌వేర్ టీమ్‌లో. ఉండేది యూసుఫ్‌గూడలో. సినిమావాళ్లకు పక్కిల్లు లాంటి ఏరియా కాబట్టి, కంప్యూటర్‌కి జలుబు చేసినా నాకే ఫోన్ వస్తుంటుంది. మే నెలాఖర్లో ఓ సాయంత్రం గాలివాన కొట్టింది. కరెంటు పోయి, వచ్చి, మళ్లీ పోయింది. మర్నాడు ఏడున్నరకే తెలిసిన ఎడిటర్ అన్న ఫోన్.

"తమ్ముడూ, నాస్ లేస్తలేదు. బటన్ నొక్కితే ఫ్యాన్ ఒక్క చుట్టు తిరిగి ఆగిపోతుంది. ఎనిమిదేళ్ల నుంచి ఒక్కరోజు కూడా సతాయించలేదు. షాపాయన్ని పిలిచి డిస్కులు వేరే దాంట్లో వేయించనా?"

"డిస్కులు ముట్టుకోవద్దన్నా. ప్లగ్ తీసేసి ఉంచు. వస్తున్నా."

నేను వెళ్లేసరికి మెట్ల మీద ఓ కుర్రాడు కూర్చుని ఉన్నాడు. డైరెక్టర్. ఎనిమిదేళ్ల కింద మొదలుపెట్టిన తన మొదటి సినిమా, డబ్బుల్లేక మధ్యలో ఆగింది. ఇన్నాళ్లకు ఓ కొత్త నిర్మాత మిగతా భాగం పూర్తి చేద్దామని ముందుకొచ్చాడు. షూట్ చేసిన రష్ ఇంకో కాపీ ఇంట్లో ఉందట. ఎడిటింగ్ ప్రాజెక్టు, డబ్బింగ్ ఫైళ్లు మాత్రం ఈ పెట్టెలోనే ఉన్నాయి.

అసలు సమస్య డబ్బింగే. అందులో తాత వేషం వేసిన నాటకాల కళాకారుడు కరోనా సమయంలో చనిపోయారు. ఆయన తన పాత్రకు డబ్బింగ్ చెప్పి వెళ్లారు. ఆ గొంతు ఇంకెక్కడా లేదు.

"బ్రో, మిగతావన్నీ ఎట్లోకట్ల మళ్లీ చేసుకుంటా. తాత గొంతు ఒక్కటి కావాలి" అన్నాడు.

ముందు చేయకూడనివి తెలుసుకుందాం

నాస్ లేవనప్పుడు డేటా పోవడానికి చాలాసార్లు కారణం ఆ పెట్టె కాదు. కంగారులో మనం చేసే పనులు. అందుకే మొదటి పది నిమిషాలు ముఖ్యం.

బటన్‌ను పదే పదే నొక్కొద్దు. పవర్ సరిగ్గా అందని డిస్కు ప్రతిసారీ తిరగబోయి ఆగుతుంటే దాని మోటారుకూ, హెడ్‌కూ మంచిది కాదు.

ప్లగ్ తీసి, డిస్కులు బయటికి తీసే ముందు ఒక్కోదాని మీద టేపు అంటించి 1, 2, 3, 4 అని రాయండి. ఫోన్‌తో ఫొటో తీయండి. ఏ డిస్కు ఏ అరలో ఉందన్నది తర్వాత పనికొస్తుంది.

ఆ డిస్కుల్ని విండోస్ కంప్యూటర్‌కి తగిలిస్తే 'ఈ డిస్కును ఫార్మాట్ చేయాలా?' అనో, 'ఇనిషియలైజ్ చేయాలా?' అనో అడుగుతుంది. పొరపాటున కూడా ఓకే అనొద్దు. విండోస్‌కి ఆ భాష రాదు, అంతే. డిస్కు ఖాళీ అని కాదు.

గోడ దగ్గర్నుంచి మొదలు

డాక్టరు ముందు నాడి చూసినట్టు, కరెంటు వచ్చే దారిని గోడ దగ్గర్నుంచి చూసుకుంటూ రావాలి. సాకెట్‌లో ఫోన్ చార్జర్ పెట్టి చూశాం. కరెంటు ఉంది. యూపీఎస్‌ను పక్కన పెట్టి నేరుగా గోడకు తగిలించాం. వైరు మార్చాం. ఇలాంటి పెట్టెలకు మామూలు డెస్క్‌టాప్ వైరే పడుతుంది. వెనక చిన్న స్విచ్ ఆన్‌లోనే ఉంది. తేడా లేదు.

ఇక్కడే లక్షణాలు చదవాలి. లైట్లు, ఫ్యాన్ ఏవీ కదలకపోతే కరెంటు లోపలికే రావడం లేదని అర్థం. వైరు, అడాప్టరు, పవర్ సప్లైలను అనుమానించాలి. లైటు ఆగకుండా మినుకుమంటూ ఎంతసేపటికీ సిస్టమ్ రాకపోతే బోర్డు వైపు చూడాలి. ఫ్యాన్ ఓ చుట్టు తిరిగి ఆగిందంటే పవర్ మొదలై, బరువు మోయలేక చేతులెత్తేస్తోందన్నమాట. మాది మూడోది.

నాలుగు డిస్కులూ తీసేసి బటన్ నొక్కాను. ఫ్యాన్ తిరిగింది, ఆగలేదు. లైటు వెలిగింది. బీప్ వినిపించింది. ఖాళీ పెట్టె హాయిగా లేచింది!

డైరెక్టర్ కుర్రాడు లోపలికి పరుగెత్తుకొచ్చాడు. "అయిపోయిందా బ్రో?"

అవలేదు. కానీ సగం జవాబు దొరికింది. బోర్డు, ర్యామ్ బతికే ఉన్నాయి. మిగిలిన అనుమానాలు రెండు. ఒకటి, నాలుగు డిస్కుల్లో ఏదో ఒకటి షార్ట్ అయి అందర్నీ పడగొడుతోంది. రెండు, పవర్ సప్లై ముసలిదై నాలుగింటినీ లేపలేకపోతోంది.

తేల్చాలంటే డిస్కులు ఒక్కోటీ పెట్టి చూడాలి కదా అనిపిస్తుంది. అసలు డేటా ఉన్న డిస్కులతో ఆ ప్రయోగం వద్దు. నాలుగింట్లో రెండే కనిపిస్తే పెట్టె గందరగోళపడి, మిగతావి పోయాయని రాసేసుకునే ప్రమాదం ఉంది. అందుకే మా ఆఫీసు ఫ్రెండ్స్ దగ్గర పనికిరాకుండా పడున్న మూడు ఖాళీ డిస్కులు తెప్పించాను. ఒకటి పెట్టాం, లేచింది. రెండు పెట్టాం, లేచింది. మూడోది పెట్టగానే ఫ్యాన్ ఓ చుట్టు తిరిగి ఆగింది. వాటి స్థానాలు మార్చి పెట్టాం. ఏ మూడు అరల్లో పెట్టినా అదే తంతు.

అంటే దోషం డిస్కుది కాదు, లెక్కది. 3.5 అంగుళాల డిస్కు ఒకటి తిరగడం మొదలుపెట్టేటప్పుడు 12 వోల్టుల మీద సుమారు 2 ఆంపియర్లు లాగుతుంది. అంటే 24 వాట్లు. నాలుగు కలిస్తే దాదాపు 100 వాట్లు. తిరగడం మొదలయ్యాక అందులో మూడో వంతు కూడా అక్కర్లేదు. ఎనిమిదేళ్లుగా ఆగకుండా తిరిగిన పెట్టెకు ఆ మొదటి దెబ్బ తట్టుకునే పని పడలేదు. గాలివాన రోజు పడింది.

ఎనిమిదేళ్లు నడిచింది ఒక్కరోజులో ఎందుకు ఆగింది?

పవర్ సప్లైలో చిన్న డబ్బాల్లా ఉండే ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లు ఉంటాయి. కరెంటును ఒడిదుడుకులు లేకుండా చేయడం వాటి పని. లోపల తడి రసాయనం ఉంటుంది. వేడికి అది మెల్లగా ఆరిపోతుంది. ఇంజనీర్లు వాడే ఓ మోటు లెక్క ఉంది: వేడి 10 డిగ్రీలు తగ్గితే ఆయుష్షు రెట్టింపు, 10 డిగ్రీలు పెరిగితే సగం.

105 డిగ్రీల దగ్గర 2000 గంటలు నడుస్తుందని రాసి ఉన్న కెపాసిటర్ 65 డిగ్రీల దగ్గర 32,000 గంటలు నడుస్తుంది. ఏడాదికి 8,760 గంటలు కాబట్టి మూడేళ్ల ఎనిమిది నెలలు. అదే 55 డిగ్రీల దగ్గర ఉంచితే ఏడేళ్లు దాటుతుంది. టేబుల్ కింద, దుమ్ము పట్టిన ఫ్యాన్‌తో, రాత్రి ఏసీ ఆపేసిన గదిలో ఉన్న పెట్టె ఏ లెక్కలోకి వస్తుందో మీరే ఊహించుకోండి.

2000 సంవత్సరం తర్వాత కొన్నేళ్లు ప్రపంచమంతా నాసిరకం కెపాసిటర్లు ఉబ్బి పేలిన గొడవ నడిచింది. వాటి వల్ల డెల్ కంపెనీ 2005లో 30 కోట్ల డాలర్లు పక్కన పెట్టాల్సి వచ్చింది. ఇంత చిన్న డబ్బాకి అంత పెద్ద బిల్లు!

ఇంకో ప్రసిద్ధమైన కేసూ ఉంది. ఇంటెల్ ఆటమ్ సీ2000 ప్రాసెసర్లలో గడియారం సిగ్నల్ ఇచ్చే భాగం కొన్నేళ్లకు బలహీనపడి, సిస్టమ్ ఇక బూట్ కాదని 2017లో బయటపడింది. సిస్కో రౌటర్ల నుంచి సినాలజీ నాస్‌ల దాకా ఆ చిప్ వాడిన పరికరాలకు ఆ గండం వచ్చింది. సినాలజీ ఆ మోడళ్లకు వారంటీని ఏడాది పొడిగించింది. కాబట్టి పాత నాస్ ఖాళీగా కూడా లేవకపోతే, దాని మోడల్ నంబరుతో ఇలాంటి తెలిసిన జబ్బు ఏదైనా ఉందేమో వెతకండి. బోర్డు మీది గుండ్రటి సీఆర్2032 బ్యాటరీ కూడా చూడండి. 3 వోల్టులు ఉండాల్సింది బాగా పడిపోతే కొన్ని బోర్డులు మొరాయిస్తాయి.

ఒక హెచ్చరిక. పవర్ సప్లై డబ్బాను మాత్రం ఇంట్లో విప్పొద్దు. మన 230 వోల్టుల కరెంటు లోపల డీసీగా మారేసరికి 325 వోల్టులవుతుంది. ప్లగ్ తీశాక కూడా కొంతసేపు అది కెపాసిటర్లో దాక్కుని ఉంటుంది. మొత్తం డబ్బాను మార్చడమే మంచిది. బయట అడాప్టర్ ఉండే చిన్న నాస్ అయితే మరీ సులువు. అదే వోల్టులు, అంతే లేదా ఎక్కువ ఆంపియర్లు, అదే పిన్ ఉన్న ఇంకో అడాప్టర్ పెట్టి చూడటమే. మల్టీమీటర్ 12 చూపించిందని సంబరపడొద్దు. బరువు పడ్డాక ఎంత నిలుస్తుందన్నదే లెక్క.

తాత గొంతు

మా పెట్టెలో పట్టే సన్నటి పవర్ సప్లై వెంటనే దొరకలేదు. సికింద్రాబాద్ పార్క్‌లేన్ సీటీసీకి వెళ్లి, మామూలు డెస్క్‌టాప్‌కి వాడే మంచి పవర్ సప్లై తెచ్చాం. ముందు రెండింటి కనెక్టర్లూ పక్కపక్కన పెట్టి పిన్నులు ఒకటేనా అని సరిచూశాను. కొన్ని కంపెనీలు పిన్నులు మార్చేస్తాయి. ఇక్కడ ఒకటే. లోపల పట్టదు కాబట్టి టేబుల్ మీదే ఉంచి వైరు మాత్రం లోపలికి పంపాం. చూడ్డానికి ఐసీయూ పేషెంటులా ఉంది.

మూడు ఖాళీ డిస్కులతో పరీక్షించాం. లేచింది. ఆపి, ప్లగ్ తీసి, అసలు డిస్కుల్ని నంబర్ల ప్రకారం పెట్టి బటన్ నొక్కాం.

మూడు డిస్కులు తిరిగాయి. నాలుగోది టిక్.. టిక్.. అని ఆగిపోయింది.

గదిలో ఎవరూ మాట్లాడలేదు. స్క్రీన్ మీద 'డీగ్రేడెడ్' అని పడింది. అది చెడ్డ వార్తలా ఉన్నా నిజానికి మంచి వార్త. రెయిడ్ 5 అనే పద్ధతిలో నాలుగు డిస్కుల్లో ఒకటి పోయినా మిగతా మూడింటి లెక్కల్లోంచి పోయినదాన్ని తిరిగి రాబట్టుకోవచ్చు. 4 టీబీ డిస్కులు నాలుగు పెట్టినా 12 టీబీయే వాడుకోగలిగేది అందుకే. మిగతా ఒక డిస్కంత జాగా ఈ బీమాకి పోతుంది.

"కొత్త డిస్కు వేసి రీబిల్డ్ కొట్టనా?" అన్నాడు ఎడిటర్ అన్న. వద్దన్నాను. రీబిల్డ్ అంటే ముసలి డిస్కులు మూడింటినీ మొదటి నుంచి చివరి దాకా చదివించడం. ఆ పరుగులో ఇంకొకటి పడితే అంతా పోతుంది. ముందు కాపీ, తర్వాతే రిపేరు. కాపీలో కూడా ముందు మళ్లీ పుట్టించలేనిది.

డబ్బింగ్ ఫోల్డర్ 40 జీబీ లోపే. పది నిమిషాల్లో బయటి డిస్కుకి వచ్చేసింది. ఎడిటర్ అన్న ఓ ఫైల్ తెరిచి స్పీకర్‌లో పెట్టాడు. ముందు కుర్చీ కిర్రుమన్న చప్పుడు. తర్వాత ఓ పెద్దాయన దగ్గి, "ఇంకోసారి చెప్పనా బాబూ?" అన్నారు. అది డైలాగ్ కాదు, టేక్‌కీ టేక్‌కీ మధ్య మాట. కుర్రాడు ముఖం తిప్పుకుని బాల్కనీలోకి వెళ్లిపోయాడు.

మిగతా 7 టీబీ కాపీ కావడానికి ముప్పై గంటలు పట్టింది. సెకనుకు 100 ఎంబీ వచ్చినా లెక్క ప్రకారం 19 గంటలు దాటుతుంది, డిస్కు తగ్గిన నాస్ ఇంకా మెల్లగా నడుస్తుంది. అంతసేపూ ఎవరో ఒకరు కాపలా ఉన్నాం.

ఒకవేళ బోర్డే పోయి ఉంటే? అప్పుడూ దారి ఉంది. చాలా నాస్‌లు లోపల లైనక్స్‌తోనే నడుస్తాయి. ముందు ఒక్కో డిస్కుకూ పూర్తి నకలు తీసుకుని, ఆ నకళ్లను లైనక్స్ కంప్యూటర్‌కి తగిలించి, చదవడానికి మాత్రమే వీలయ్యేలా తెరవొచ్చు. అయితే డిస్కు టిక్కుమంటుంటే ఇంట్లో ప్రయత్నాలు ఆపి డేటా రికవరీ నిపుణులకు ఇవ్వడమే మేలు.

రెయిడ్ వేరు, బ్యాకప్ వేరు

రెయిడ్ ఉంది కదా అని ధీమాగా ఉండేవాళ్లు చాలామంది. రెయిడ్ డిస్కు చస్తే కాపాడుతుంది. పెట్టె కాలిపోతే, దొంగలు ఎత్తుకెళితే, ఎవరైనా డిలీట్ కొడితే కాపాడదు.

హాలీవుడ్‌కే తప్పలేదు. 1998లో 'టాయ్ స్టోరీ 2' పని జరుగుతుండగా పిక్సర్‌లో ఎవరో ఇచ్చిన ఒక్క కమాండ్‌తో సినిమా ఫైళ్లు చెరిగిపోవడం మొదలైంది. బ్యాకప్ చూస్తే అది సరిగ్గా పనిచేయడం లేదు. పసిబిడ్డతో ఇంటి నుంచి పనిచేస్తున్న గాలిన్ సుస్మన్ అనే టెక్నికల్ డైరెక్టర్ ఇంట్లో ఓ కాపీ ఉండటంతో గట్టెక్కారు. ఆ కంప్యూటర్‌ను దుప్పట్లు చుట్టి కారులో తెచ్చారు.

మన దగ్గర కథ ఇంకా పాతది. 1932లో వచ్చిన తొలి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద' ఈరోజు మనం చూడలేం. అప్పుడు రీళ్లు పోయాయి. ఇప్పుడు డిస్కులు పోతున్నాయి. ఈ బాధ తెలుసు కాబట్టే 2019 డిసెంబరులో ఫిల్మ్ హెరిటేజ్ ఫౌండేషన్ హైదరాబాద్‌లో, అన్నపూర్ణ స్టూడియోస్ వేదికగా సినిమాలను కాపాడే వర్క్‌షాప్ పెట్టింది.

డిజిటల్ అయితే చవక అనుకుంటాం. ఆస్కార్ అకాడమీ 2007లో వేసిన లెక్కలో ఒక సినిమా ఫిల్మ్ మాస్టర్‌ను ఏడాది దాచడానికి 1,059 డాలర్లు అయితే, 4కే డిజిటల్ మాస్టర్‌కి 12,514 డాలర్లు! ఫిల్మ్‌ను చల్లటి గదిలో పెట్టి మరిచిపోవచ్చు. డిజిటల్‌ను కొన్నేళ్లకోసారి కొత్త డిస్కుకో టేపుకో మారుస్తూనే ఉండాలి. పెద్ద సంస్థలు వాడే ఎల్‌టీఓ టేపులూ అంతే. ఎల్‌టీఓ-9 డ్రైవులో పెడితే 9, 8 తరాల టేపులే చదువుతుంది. టేపు బాగున్నా దాన్ని చదివే మిషను దొరకాలి కదా.

ఇది మీ కథ కూడా

మీకు ఎడిటింగ్ రూమ్ లేకపోవచ్చు. బీరువాలో చీరల కింద అక్క పెళ్లి వీడియో ఉన్న హార్డ్ డిస్క్ ఉండే ఉంటుంది. తాతయ్య మాట్లాడిన వాట్సాప్ వాయిస్ ఏ పాత ఫోన్లోనో ఉంటుంది. ఈ ఆదివారం ఓ గంట పెట్టుకోండి.

• పీటర్ క్రోగ్ అనే ఫొటోగ్రాఫర్ ప్రచారం చేసిన 3-2-1 సూత్రం గుర్తుపెట్టుకోండి. మూడు కాపీలు, రెండు రకాల స్టోరేజీలు, ఒకటి మాత్రం ఇంటి బయట. క్లౌడ్ అయినా, చెల్లెలి ఇల్లయినా సరే.

• పాత డిస్కును ఆర్నెల్లకోసారి తగిలించి, రెండు మూడు ఫైళ్లు నిజంగా తెరుచుకుంటున్నాయో లేదో చూడండి. తెరిచి చూడని బ్యాకప్ బ్యాకప్ కాదు.

• నాస్ ఉంటే మంచి యూపీఎస్ పెట్టండి. ఫ్యాన్ దుమ్ము దులపండి. అయిదేళ్లు దాటితే పవర్ సప్లై ఒకటి అదనంగా కొని ఉంచుకోండి.

• మళ్లీ పుట్టించలేనివి ఏవో ఓ చిట్టీ రాసుకోండి. సినిమాలు మళ్లీ డౌన్‌లోడ్ అవుతాయి. గొంతులు అవవు.

ఎడిటర్ అన్న కొత్త నాస్ కొన్నాడు. డబ్బింగ్ ఫోల్డర్ ఇప్పుడు మూడు చోట్ల ఉంది: ఆ పెట్టెలో, క్లౌడ్‌లో, తాతగారి అబ్బాయి దగ్గర ఓ పెన్‌డ్రైవ్‌లో. మూడోది డైరెక్టర్ కుర్రాడే స్వయంగా వెళ్లి ఇచ్చొచ్చాడు. టేకుల మధ్య మాటలు కూడా తీసేయకుండా.